బుల్లమ్మ మెడ

కళింగపట్నం దగ్గర పల్లెలో ఝాన్సీది చేపలవాళ్ల ఇల్లు. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు. తల్లి బుల్లమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్ముతుంది. ఝాన్సీ రోజుకో బొమ్మ పెన్సిల్‌తో వేసి, ఫొటో తీసి, బొమ్మలు నేర్చుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. తప్పులు చెప్తారనే పెడుతుంది.

ఎవరూ చెప్పరు. "సూపరమ్మా" అని ఒకరు, రెండు చప్పట్లు, ఒక దండం. అంతే.

అదే గ్రూపులో విజయనగరం అనూరాధ బొమ్మ పెడితే గ్రూపులోని డ్రాయింగు మేష్టార్లంతా దిగిపోతారు. నీడ ఇటు పడాలి, మోచెయ్యి పొడుగైంది, మళ్లీ వెయ్యి అంటూ పేరాలకి పేరాలు రాస్తారు. ఆ తప్పులెన్నడం చూస్తే ఝాన్సీకి కడుపు మండేది. చేపలమ్మే ఇంటి పిల్ల గీత గీయడమే గొప్ప అనుకునేవాళ్లు ఆమెకి తప్పులెందుకు చెప్తారు? జాలిపడి మెచ్చుకోవడం కూడా మనిషిని గుమ్మం బయట నిలబెట్టడమే.

మొన్న అనూరాధ చేపలమ్మే ఆవిడ బొమ్మ పెట్టింది. నీడల గురించి పదహారు మంది రాశారు. గంప కింద చుట్టకుదురు లేదని ఒక్కరికీ కనపడలేదు. ఆ గుడ్డ చుట్ట లేకుండా గంప నెత్తిన నిలుస్తుందా? ఝాన్సీకి కసిగా సంతోషమేసింది. చెప్పలేదు. చుట్టకుదురు పెట్టి అదే బొమ్మ తనూ వేసి, దాని కిందే పెట్టింది. పోల్చి చూడండి అన్నట్టు.

మళ్లీ చప్పట్లే. అనూరాధ మాత్రం ఇలా రాసింది: "చుట్ట సంగతి నాకు తెలీదండీ, నాది తప్పే. కానీ అంత బరువు మోసే మెడ ఇంత సన్నగా, నిటారుగా ఉంటుందా? నా బొమ్మలో మెడే వేసేశారేమో."

ఝాన్సీకి ఒళ్లు మండింది. నిజం మరి. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న తల్లి మెడ వదిలేసి అనూరాధ గీసిన మెడ ఎత్తుకొచ్చింది.

బుల్లమ్మ అప్పుడే వచ్చి గంప దించింది.

"అమ్మా, ఓపాలి మళ్లీ ఎత్తుకోవే. బరువుకి ఇసక పోస్తాను."

"పొద్దుట్నించీ సేపలు మోసింది సాల్లేదేటే, నీ బొమ్మకి ఇసక కూడా మొయ్యాలా?" అంటూనే చుట్ట సరిచేసుకుని నిలబడింది.

ఇసక గంప నెత్తికెత్తగానే మెడ భుజాల్లోకి కుంగింది. నరాలు తాళ్లలా తేలాయి. ఝాన్సీ గబగబా గీసింది. ఈ మెడ అనూరాధకి దొరకదు. దీన్ని చూడమన్నది మాత్రం అనూరాధే. ఆ మంట ఆరలేదు.