వదులు గుండీలు

అమ్మమ్మ కుట్టిన గుండీ నాలుగు రోజులు నిలిచిందంటే అది గుండీ గొప్పతనమే గాని అమ్మమ్మది కాదు. ఓసారి పెళ్ళిలో అల్లుడు గట్టిగా తుమ్మితే చొక్కా గుండీ ఎగిరి ఎదుటివాడి కాఫీలో పడింది. అలాంటి అమ్మమ్మే చర్చి వాళ్ళ పిల్లల హోమ్‌లో ఇన్నేళ్ళుగా కుట్టుపని చేస్తోంది!

ఆ హోమ్ మొదట్లో చర్చి వెనక సామాన్ల గది. విషజ్వరాలొచ్చి ఇళ్ళకు ఇళ్ళు ఖాళీ అయిన ఏడు, పాస్టరుగారి భార్య అందులోని విరిగిన బెంచీలు బయట పడేయించి, దిక్కులేని పిల్లల్ని తెచ్చి పడుకోబెట్టింది. వాళ్ళలో అమ్మమ్మా, ఆవిడ తమ్ముడూ ఉన్నారు. తర్వాత గదులు పెరిగాయి, మధ్యలో గోడ లేచింది. ఆడపిల్లలు ఇటు, మగపిల్లలు అటు. తమ్ముడు గోడకి అటువైపు పడ్డాడు.

ఇటు రావడానికి ఒక్కటే దారి. బట్టలు చిరిగితే మగపిల్లలు కుట్టుగదికి రావచ్చు. వాడికి ఆ కిటుకు ఇట్టే పట్టుబడింది. వారం తిరక్కుండా గుండీ పీక్కుని, పిడికిట్లో పట్టుకుని ప్రత్యక్షం.

"మళ్ళీ ఊడిందా? గుండీలు తింటున్నావేంట్రా?" అనేది మేట్రనమ్మ.

"నేనేం చెయ్యనమ్మా, అక్కకి కుట్టడం రాదు" అనేవాడు ఆ దొంగ.

అక్క మూతి ముడుచుకునే, కుట్టినంతసేపూ వాడి కబుర్లు వినేది. ఆ ఒక్క గుండీ కుట్టడానికి పెళ్ళిబట్టలు కుట్టినంతసేపు పట్టేది.

ఒకనాడు ఒక వడ్రంగి మేస్త్రి పని నేర్పిస్తానని వాణ్ణి వేరే ఊరు తీసుకెళ్ళాడు. కొత్తచోట తమ్ముణ్ణి ఎవరూ ఒక్క మాట అనకూడదని, అక్క గుండీలన్నీ రెండు పేటల దారంతో, సూది వంగిపోయేలా కుట్టి పంపింది. వాడు మళ్ళీ రాలేదు. మేస్త్రి ఊళ్ళు మారాడని తప్ప ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఆ తర్వాత అమ్మమ్మ ఎవరికీ గట్టి కుట్టు వెయ్యలేదు.

మొన్న హోమ్‌కి కొత్త మేనేజరమ్మ వచ్చింది. పిల్లల చొక్కాలు అటూ ఇటూ తిప్పి చూసి, "పెద్దమ్మగారూ, ఏమనుకోకండి. గట్టిగానైనా కుట్టండి, లేదా ఇంటిపట్టున హాయిగా కూర్చోండి" అంది.

"ఇంట్లో కూర్చుంటే వాడొచ్చి ఎవర్నడుగుతాడు?"

"ఎవరు?"

అమ్మమ్మ జవాబు చెప్పేలోపు గుమ్మంలో ఎవరో దగ్గారు. ఈ హోమ్‌లోనే పెరిగిన లారీ డ్రైవరు. ముందు పొట్ట, వెనక మనిషి. పిడికిలి విప్పితే గుండీ.

"ఊడిందా, పీకావా?" అంది అమ్మమ్మ.

"పీకానమ్మా. షాపు కుట్టు కదా! నీ చేతిదైతే పాపం దానంతటదే ఊడేది."

మేనేజరమ్మ వింతగా చూసింది. "గుండీ కోసం ఇంత దూరం వచ్చారా?"

"మేమందరం వస్తామండీ. మాతోపాటు ఇక్కడే పెరిగిన నర్సమ్మ పోయిన ఆదివారమే వచ్చెళ్ళింది. ఊరికే చూడాలనిపించిందంటే నామోషీ కదండీ! అదే గుండీ అనుకోండి, పనిమీద వచ్చినట్టుంటుంది."

మేనేజరమ్మ చొక్కాలు మడిచి మెల్లగా బుట్టలో పెట్టేసింది.

అమ్మమ్మ సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. డ్రైవరే ఎక్కించి ఇచ్చాడు.

"గట్టిగా కుట్టెయ్యకే అమ్మా, మళ్ళీ రావాలి."

"గట్టిగా కుట్టి పంపింది ఒక్కణ్ణేరా" అంది అమ్మమ్మ, గేటు వైపు చూస్తూ. "ఇంకా ఊడలేదనుకుంటా."