దివానియాకు నా రాయబారం

వాక్కుకు అధిదేవతయైన తల్లికి మొక్కి, వైశాఖ శుద్ధ దశమినాడు, కువైట్‌లోని ఎగైలాలో మా అమ్మాయి ఇంట కూర్చుని ఇది వ్రాస్తున్నాను. నిన్నటి నుంచి మనసు కుదురుగా లేదు. మధ్యయుగాల నాటి ఒక పోర్చుగీసు ప్రభువు చరిత్ర చదవడమే అందుకు కారణం. రాజు పంపగా పొరుగు కొలువులకు పోయి, ఒకమారు సంధి కోసం, మరొకమారు రాకుమారి వివాహం కోసం, పరుల వాకిళ్లలో నెలల తరబడి నిరీక్షించి, సొంత కోటలో ఒక చలికాలమైనా స్థిమితంగా గడపలేక, తనది కాని కోరికను మోస్తూనే ముసలివాడైన మనిషి ఆయన. అటువంటి రాయబారం నాకు జన్మలో ఒక్కటే దక్కింది.

అప్పట్లో నేను ఇక్కడి షర్క్ పేటలో ఒక వర్తకుని కార్యాలయంలో అరబ్బీ ఉత్తరాలు వ్రాసేవాణ్ణి. సబా అల్ సలేంలో ఇంటిపని చేసే కడప ప్రాంతపు ఆమె ఒకనాడు వచ్చి నిలబడింది.

"సామీ, మా పాపకు తొలికాన్పు దగ్గరపడె. ఇంట్లో మామాను, ఆ ఇంటామెను, అడిగితే రంజాన్ ఖలాస్ అయినాంక పోదువులే అంటాది. మీరన్నా కఫీల్‌కు ఒక మాట చెప్పండి."

ఆ యజమాని దివానియాకు, అంటే మగవారు అతిథులతో కొలువుదీరే చావడికి, నేను వెళ్లిన సాయంకాలం జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి. దారి పొడవునా అరబ్బీ వాక్యాలు కూర్చుకుంటూ, చెరుపుకుంటూ, వెనుదిరుగుదామా అనుకుంటూనే చేరాను. చేతికి కాఫీ అందించారు. నిర్జల ఏకాదశి వ్రతం కనుక ఆనాడు నాకు మంచినీళ్లు కూడా నిషిద్ధం. వద్దనడం మర్యాద కాదనుకుని, కప్పును పెదవికి తాకించకుండా తివాచీ మీద పెట్టి తలవంచుకు కూర్చున్నాను. చావడిలో మాటలు ఆగిపోయాయి. కోరికతో వచ్చిన అతిథి అది తీరేదాకా కాఫీ తాగడనీ, తాగకుండా వెళితే ఇంటివానికి తలవంపులనీ వారి ఆచారం. నేనెరుగను.

"తాగవయ్యా, నువ్వొచ్చిన పని అయినట్టే" అన్నాడు యజమాని.

అప్పుడు సంగతి విప్పాను. భార్యకేమి చెప్పుకోవాలా అన్నట్టు లోపలి గదుల వైపు ఒక్క క్షణం చూసి, మాట తప్పలేక తలూపి, మళ్లీ కప్పు చూపించాడు. తాగితే వ్రతభంగం, మానితే ఆయన మాటకు అవమానం. తాగాను.

బయట కాచుకున్న ఆమె అంతా విని, "అయ్యో, నా కోసరం ఉపాసం చెడగొట్టుకుంటిరే. ఆ పాపం పుట్టబోయేవాని మీద రాయండి సామీ, వాడే తీరుస్తాడు" అంది.

ఇప్పుడు సెలవడగడం ఫోనులో ఒక సందేశం. కాదనడమూ అంతే సులువు. ఎదుట కూర్చున్న మనిషి మౌనానికి విలువ కట్టిన చావడులు నాకిప్పుడు కనబడవు.

ఆమె జ్యేష్ఠ బహుళ తదియనాడు విమానమెక్కింది. ఆషాఢ శుద్ధ విదియనాడు మనవరాలు పుట్టింది. ఆమె తిరిగి కువైట్ రాలేదు. ఆ దివానియా గడప నేనూ మళ్లీ తొక్కలేదు.