చైనా డాక్టరు కోసం ఆదిలాబాద్ దాకా

పెద్దపల్లి నుంచి కాగజ్‌నగర్ పోయే ప్యాసింజరు పొద్దున ఆరూ నలభైకి. చైనా యుద్ధం ఆగి రెండు నెలలైనా రైల్లో అందరి నోటా ఆ మాటే. నేను మిషన్ బడిలో మూడు రోజులు సెలవు పెట్టి, మా అవ్వను తీసుకొని బయలుదేరాను. పని చిన్నదే. దసరా సెలవుల్లో కాగజ్‌నగర్ బజారులో చైనా డాక్టరు అవ్వ చిగుళ్లకు మైనంతో అచ్చు తీశాడు. ఆ కట్టుడుపళ్లు తెచ్చుకోవాలి. అంతే.

గోదావరి దాటి మంచిర్యాలలో ఆగినప్పుడు తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి ఎక్కి మా ఎదుట కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"ఇంక ఉన్నడా వాడు? మా ఊర్లయితే ఎప్పుడో ఎల్లగొట్టెటోళ్లం" అన్నాడు.

"నీ పళ్లు మంచిగున్నయ్, గందుకే అంటున్నవ్" అంది అవ్వ. పక్కవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

పదీ నలభైకి కాగజ్‌నగర్‌లో దిగాం. స్టేషను నుంచి దుకాణం పది నిమిషాల నడక. బోర్డు మీద నవ్వుతున్న నోరు బొమ్మ ఉండేది. దాని మీద ఎవరో తారు పూశారు. తలుపు మూసి ఉంది. నాలుగుసార్లు కొడితే గొళ్లెం తీసిన చప్పుడు, సందులోంచి డాక్టరు ల్యూ భార్య మెయ్ ముఖం కనిపించింది. అవ్వను గుర్తుపట్టి లోపలికి లాగి మళ్లీ తలుపు వేసింది.

"పళ్లు తయారున్నయ్ అమ్మా. పోయేముందు రోజు కూసోని చేసిండు" అంటూ రేకుడబ్బా చేతికిచ్చింది.

"ఏడికి పోయిండు?" అంది అవ్వ.

మెయ్ కలకత్తాలో పుట్టింది. పన్నెండేళ్ల కింద పెళ్లి చేసుకొని ఈ ఊరొచ్చి, బజారులోనే తెలుగు నేర్చుకుంది. ఏడుస్తూ చెప్పలేదు, బియ్యం ఏరుతూ చెప్పింది. ఇరవై రోజుల కింద పోలీసులు జీపులో వచ్చారట. ఏవో ప్రశ్నలున్నాయి, రెండు రోజుల్లో పంపిస్తామని ఆయన్ని ఆదిలాబాద్ తీసుకెళ్లారట. ఇంటి పెట్టెలోంచి ఉత్తరాల కట్ట కూడా పట్టుకుపోయారు. అవి చైనాలో ఉన్న ఆమె అక్క రాసినవి.

"ఏముండె ఉత్తరాలల్ల?" అన్నాను.

"ఏముంటది టీచరమ్మా! ఊళ్ల ఎవ్వరింట్ల పొయ్యి లేదట. అందరు ఒక్కతాన్నే తింటరట. ఇనుప మూకుళ్లు కూడ తీస్కపోయి కరిగించిన్రట. పెళ్లికి పెద్దల మాట అక్కర్లేదట, ఆఫీసుల దస్తకతు పెడితే అయిపోతదట. అక్క బిడ్డ ట్రాక్టరు నడుపుతదట. ఒక ఉత్తరంల ఖుషీగ రాస్తది, ఇంకో ఉత్తరంల తిండి లేదని రాస్తది. గవే తప్పట."

గోడ మీద ల్యూ తండ్రి ఫొటో ముందు ఒక గిన్నెలో అన్నం, అగరుబత్తి. పొయ్యి పక్కన మూత పెట్టిన ఇంకో గిన్నె, అది ల్యూ వంతట. వాళ్ల కొత్త సంవత్సరం పది రోజుల్లో ఉంది. ఏటా ఎర్ర కాగితం పొట్లాల్లో చిల్లర పెట్టి వాడకట్టు పిల్లలకు పంచేవాళ్లు. ఈసారి కాగితాలు కత్తిరించి పెట్టింది గాని, ఆ వాకిలికి వచ్చే పిల్లలు లేరు. ఆమె తొమ్మిదేళ్ల కూతురు లిన్ మూలకు కూర్చొని తెలుగు వాచకం చదువుకుంటోంది. బడిలో ఆ పిల్లను లీల అని పిలిచేవారట. నవంబరు నుంచి బడికి రావద్దన్నారు. నేను పంతులమ్మను. ఏ పిల్లను ఏ తప్పుకు బడిలోంచి తీసేస్తారో నాకు తెలుసు. ఈ తప్పు ఏ రిజిస్టరులో రాశారో తెలియదు.

"నువ్వే పోయి అడగలేకపోయినవా బిడ్డా?" అంది అవ్వ.

"ఊరు దాటాలంటే కాగితం గావాలట. గా కాగితం ఆదిలాబాద్‌లనే ఇస్తరట." మెయ్ చేట కింద పెట్టింది. "మా అత్తకు చిన్నప్పుడే పాదాలు పెరగకుండ గుడ్డపీలికలతోని కట్టేసిన్రు. వాకిలి దాటాలంటే ఎవరన్న పట్టుకోవాలె. మా నాయిన నాకు కట్టనియ్యలే. మంచిగ నడుస్త. ఏం లాభం?"

అవ్వ కొత్త పళ్లు పెట్టుకొని, దవడ అటూ ఇటూ కదిపి చూసుకొని, నా వైపు తిరిగింది. "పొద్దున ఆదిలాబాద్‌కు బస్సెన్ని గంటలకు?"

ఆ రాత్రి మెయ్ ఇంట్లోనే పడుకొని, మరునాడు ఆరు గంటల బస్సుకు ఆసిఫాబాద్, అక్కడ ఎనిమిదింటికి ఆదిలాబాద్ బస్సు. ఈ దారిన పోయేవాళ్లు తిండి కట్టుకొని పోవడం మంచిది. కెరమెరి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కి రెండుసార్లు ఆగింది. జైనూర్‌లో చాయ్ తప్ప ఇంకేమీ దొరకలేదు. మెయ్ ఇచ్చిన డబ్బాలో సన్నటి సేమ్యా లాంటి వంటకం, ఉల్లికాడలు వేసి చేసింది. అవ్వ మొత్తం తిన్నది. పక్కన గోండు ముసలామెకు కొంచెం పెడితే, తిని బాగుందని తలూపింది. ఆమెకు అది చైనా తిండి అని మేం చెప్పలేదు. చెప్పనందుకు నా మీద నాకే చిరాకేసింది.

రెండున్నరకు ఆదిలాబాద్. మూడింటికి పోలీసు ఆఫీసు మెట్లెక్కాం. గుమాస్తా మమ్మల్ని గంటన్నర బెంచీ మీద కూర్చోబెట్టాడు. పిలిచాక కూడా తల ఎత్తలేదు.

"ల్యూ? గాయన లేడు. వారం కింద రైలెక్కించిన్రు. రాజస్థాన్ దిక్కు, చైనోళ్లను పెట్టే క్యాంపుకు."

"ఆయన భార్యకు చెప్పారా?"

"చెప్పాలని ఆర్డరు లేదు."

"ఆ ఉత్తరాల్లో ఏముందని పంపించారు?"

ఇప్పుడు తల ఎత్తాడు. అల్మారా పైన కట్టను చూపించాడు. ఎర్ర దారంతో కట్టి అట్లాగే ఉంది. "గవి చైనా రాతలమ్మా. గిక్కడ ఎవరికొస్తయ్ చదువనీకి?"

నా గొంతు ఆఫీసంతా వినిపించిందట, తర్వాత అవ్వ చెప్పింది. ఒక్క అక్షరం చదవకుండా మనిషిని తీసుకుపోయారా, ఇరవై రోజులుగా ఒక ఆడమనిషి రోజూ గిన్నెలో ఆయన వంతు అన్నం తీసిపెడుతోంది, ఒక కార్డుముక్క రాయడానికి మీకు ఏ ఆర్డరు కావాలి అని అరిచాను. ఆయన నా పేరు, బడి పేరు రాసుకున్నాడు. రాసుకోమన్నాను. స్పెల్లింగు కూడా చెప్పాను. దాంతో ఒరిగిందేమీ లేదు. ల్యూ క్యాంపు చిరునామా ఒక చిట్టీ మీద సంపాదించడానికి మరో గంట పట్టింది.

ఆ రాత్రి మా సంఘం పాస్టరుగారింట్లో తలదాచుకొని, పొద్దున్నే అదే దారిన వెనక్కి వచ్చి, రెండున్నరకు మెయ్ తలుపు కొట్టాను. నిలబడే విన్నది. చిట్టీ రెండుసార్లు చూసింది.

"ఆడ చలి ఉంటదా?"

"ఉంటుందనుకుంటా."

దుప్పట్లు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. తనను, పిల్లను కూడా అక్కడికే పంపమని అర్జీ పెడుతుందట. నేను వద్దన్నాను. లాయరును చూద్దామన్నాను. కొన్నాళ్లకు అన్నీ సర్దుకుంటాయన్నాను.

"గిక్కడ మాకెవరున్నరు టీచరమ్మా?" అంది మెయ్, దుప్పటి మీదనుంచి చూపు తిప్పకుండా. "మీకు రైలు టైమయితుంది."

అర్జీ నేనే రాసిచ్చాను. అంత కష్టంగా చేతికొచ్చిన అక్షరాలు నా జీవితంలో ఇంకేవీ లేవు.

నాలుగూ పదికి ప్యాసింజరు కదిలింది. బెల్లంపల్లి దాకా నేను తిడుతూనే ఉన్నాను. గుమాస్తాను, తారు పూసినవాణ్ని, పిల్లను గెంటేసిన హెడ్మాస్టరును, తలుపులు మూసుకున్న బజారును. అవ్వ కిటికీలోంచి చూస్తూ విన్నది.

"లడాయి నడిచినప్పుడు బజార్ల చైనా బొమ్మను తగులబెట్టిన్రు గదా మనూర్ల," అంది కాసేపటికి. "బడిపిల్లలను తోలుకపోయింది నువ్వే గదా?"

నేనే. యాత్ర సంగతులు రాయడం మొదలుపెట్టినప్పుడు ఇది రాయకూడదనుకున్నాను. ఈ దారిన పోయే మీకు బస్సు టైములు తెలిస్తే చాలుననుకున్నాను. గడ్డిబొమ్మకు గుడ్డ చుట్టింది పిల్లలు. కళ్లు గీసింది నేను. సన్నగా, ఏటవాలుగా గీశాను. పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్లు నవ్వుతున్నారని ఇంకాస్త సన్నగా గీశాను.