ఓడెక్కిన అత్తాకోడళ్ళు

కైకలూరు నుంచి ఏలూరు వెళ్ళే రోడ్డు పక్కన చేపల, రొయ్యల మేత డిపో నడిపే నాగలక్ష్మి గొంతు, ఆ దారిన పోయే బస్సుల్లో కూర్చున్నవాళ్ళకి కూడా తెలుసు. బస్తాలు దించే హమాలీల మీద అరిచేది. లోడు ఆలస్యం చేసిన లారీ డ్రైవర్ల మీద అరిచేది. అరవకపోతే ఆడమనిషి మాట ఎవడూ చెవిన పెట్టడని ఆమె గట్టిగా నమ్మింది.

అలా నమ్మడానికి కారణం ఉంది. ఆమె భర్త దుర్గాప్రసాద్ 2001లో హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ గుద్ది చనిపోయాడు. అప్పటికి ఆమె డిపోలో ఒక్కపూట కూడా కూర్చోలేదు. డిపో ఇక మరిది కోటి చేతికి వెళుతుందని అందరూ అనుకున్నారు. కోటి కూడా అనుకున్నాడు. పెద్దకర్మ అయిన సాయంత్రం, చుట్టాలు ఇంకా పందిట్లో ఉండగానే, అత్తగారు పేరమ్మ బొడ్లోంచి డిపో తాళాలు తీసి కోడలి ఒళ్ళో వేసింది.

"వాడి కుర్చీలో ఇది కూచుంటది. ఎవరికన్నా కష్టంగా ఉంటే నాతో చెప్పండి" అంది.

ఎవరూ చెప్పలేదు. కొల్లేటి చేపలు గంపకెత్తుకుని ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి అమ్మిన మనిషి పేరమ్మ. ఆమెకి ఎదురు చెప్పే ధైర్యం ఆ పందిట్లో ఎవరికీ లేదు.

మొదట్లో పేరమ్మ రోజూ వచ్చి డిపో గుమ్మంలో కూర్చునేది. కోడలికి నోరు పెగలనిచోట తను మాట్లాడేది. తరవాత తరవాత నాగలక్ష్మికి పని వచ్చింది, పనితోపాటు గొంతూ వచ్చింది. పేరమ్మకి షుగరు వచ్చింది. విజయవాడ డాక్టరు పొద్దునా రాత్రీ ఇన్సులిన్ రాశాడు. "ఇంజెక్షన్ చేశాక కడుపునిండా తినిపించాలమ్మా. తినకపోతే షుగరు పడిపోతుంది. చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. అది చాలా ప్రమాదం" అని నాగలక్ష్మికి మరీమరీ చెప్పాడు. అప్పటినుంచి సూది వేసేదీ, ఏం తినాలో చెప్పేదీ ఆమే. "తిన్నావా అత్తా? ఎన్నిసార్లు చెప్పాలి?" అని ఇంట్లో అడిగే గొంతుకీ, డిపోలో హమాలీలను అడిగే గొంతుకీ తేడా లేకుండా పోయింది. ఆ సంగతి నాగలక్ష్మికి తెలియదు. అత్త మాటలు తగ్గిపోయిన సంగతి కూడా ఆమె గమనించలేదు.

2007లో రొయ్యల మేత ఎక్కువగా అమ్మిన డీలర్లకి కంపెనీవాళ్ళు సింగపూర్ ప్రయాణం పెట్టారు. అక్కడినుంచి పెద్ద ఓడలో మూడు రాత్రుల విహారం. కబురు చెప్పడానికి ఏరియా మేనేజరు అనంతకృష్ణ విజయవాడ నుంచి స్వయంగా వచ్చాడు.

"ఒక్కో డీలరుతో ఇంకొకరు రావచ్చండి. అందరూ భార్యాభర్తలే..." అని సగంలో ఆగిపోయాడు.

"మా అత్తని తీసుకొస్తానండి" అంది నాగలక్ష్మి.

"నేనెందుకే? అక్కడ ఏం పెడతారో ఏంటో" అంది పేరమ్మ.

"అందరూ తినేదే నువ్వూ తింటావు" అని కోడలు తేల్చేసింది.

బయలుదేరేముందు డీలర్లందరినీ విజయవాడలో ఒక హోటలుకి పిలిచి, ఓడలోకి ఏవి తేకూడదో చెప్పాడు అనంతకృష్ణ. కత్తులు, ఇస్త్రీపెట్టెలు, నీళ్ళు కాచుకునే కాయిల్ హీటర్లు తేవద్దన్నాడు. ముందురోజే పేరమ్మ సూట్‌కేసులో కాయిలూ, చిన్న కత్తీ, ఎండు రొయ్యల పొట్లం పెడితే నాగలక్ష్మి తీసి అవతల పడేసింది. ఇప్పుడు అందరిముందూ అత్తవైపు తిరిగింది.

"విన్నావుగా? మళ్ళీ పెట్టావంటే అక్కడే సముద్రంలో దింపేసి వస్తా!"

హాలంతా నవ్వింది. పేరమ్మ కొంగు సర్దుకుంది.

ఓడెక్కే రోజు పొద్దున సింగపూర్ హోటల్లో నాగలక్ష్మి అత్తకి ఇంజెక్షన్ చేసింది. కింద టిఫిన్ దగ్గర పేరమ్మకి ఏదీ సయించలేదు. సగం అరటిపండు తిని, బస్సు వచ్చిందంటే లేచిపోయింది. ఆ తొందరలో నాగలక్ష్మి చూసుకోలేదు.

రేవులో సామానంతా ఓడవాళ్ళు ముందే తీసుకున్నారు. సూట్‌కేసులకి గది నంబరు చీటీలు కట్టి, "మీ గుమ్మం దగ్గరికే వస్తాయి" అన్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే సూట్‌కేసు, విజయవాడ బీసెంట్ రోడ్డులో కొత్తగా కొన్న మెరూన్ రంగుది. ఇద్దరి బట్టలూ, పేరమ్మ సూదులూ అందులోనే ఉన్నాయి. సూదులు చేతిసంచిలో ఉంటే విమానంలోకి రానివ్వరని ఎవరో భయపెడితే అందులో పెట్టేసింది. ఇన్సులిన్ సీసా మాత్రం ఐసు ఫ్లాస్కులో ఆమె భుజానే ఉంది.

మధ్యాహ్నం గదికి చేరారు. కాసేపటికి నడవాలో చక్రాల బళ్ళ చప్పుడు మొదలైంది. ఎదురుగది గుంటూరు డీలరు పెట్టెలు వచ్చాయి. పక్కగది వాళ్ళవీ వచ్చాయి. నడవా అటు చివరినుంచి ఇటు చివరిదాకా ప్రతి గుమ్మం ముందూ సామాను దిగింది. వీళ్ళ గుమ్మం ముందు మాత్రం ఏమీ లేదు.

నాగలక్ష్మి అనంతకృష్ణ గది తలుపు కొట్టింది.

"వస్తుందండీ. వేలమంది సామాను కదా, కాస్త ఓపిక పట్టండి."

"రాత్రికి మా అత్తకి సూది వెయ్యాలండీ. సూదులు అందులో ఉన్నాయి."

"అయ్యో, చెప్పారు కాదు! పదండి, కౌంటర్లో అడుగుదాం."

వెళ్ళేముందు ఆమె గదిలోకి తొంగిచూసింది. పేరమ్మ మంచం అంచున కూర్చుని ఉంది.

"నువ్వు పైకెళ్ళి అన్నం తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

"తిన్నానంటే నమ్మవేంటే! పెట్టె పోతే పోయింది, వదిలెయ్ రాదూ" అని పేరమ్మ విసురుగా అంది. ఆమె ఎప్పుడూ అలా విసుక్కోదు. ఆమె పైపెదవి మీద చెమట ఉంది.

"వదిలెయ్యడమేంటి? నీకోసమేగా నా ఏడుపంతా! కదలకుండా ఇక్కడే కూచో" అని అరిచి, నాగలక్ష్మి తలుపు లాగేసి వెళ్ళిపోయింది.

కౌంటర్ ముందు పెద్ద వరస. అనంతకృష్ణ ఇంగ్లీషులో అడిగాడు. అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూసి, ఎవరికో ఫోన్ చేసి, మళ్ళీ చూసి, తల అడ్డంగా ఊపింది. సూట్‌కేసు ఓడెక్కింది. కానీ ఎక్కడుందో తెలియడం లేదు. సెక్యూరిటీవాళ్ళని అడిగి చెబుతానంది. నాగలక్ష్మికి అరికాళ్ళలోంచి కోపం ఎగదన్నుకొచ్చింది. కైకలూరులో అయితే ఈపాటికి ఆమె గొంతుకి పదిమంది పరిగెత్తేవాళ్ళు. ఇక్కడ అరవడానికి ఆమెకి భాష లేదు.

అంతలో సైరన్ మోగింది. ఓడ బయలుదేరేముందు ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో చూపిస్తారని, అందరూ పైకి రావాలని మైకులో చెబుతున్నారని అనంతకృష్ణ అన్నాడు. "అమ్మగారిని తీసుకురండి, నేను మనవాళ్ళని చూసుకుంటాను" అని అతను మెట్లవైపు పరిగెత్తాడు.

నాగలక్ష్మి గదికి వచ్చింది. తలుపు తెరిచే ఉంది. మంచం మీద ఎవరూ లేరు. బాత్‌రూములో లేరు. పేరమ్మ చెప్పులు మాత్రం మంచం కింద ఉన్నాయి.

"అత్తా!"

నడవాలోకి వచ్చి చూసింది. ఎటుచూసినా ఒకేరకం తలుపులు, ఒకేరకం తివాచీ. జనం నారింజరంగు లైఫ్ జాకెట్లు తగిలించుకుని నవ్వుకుంటూ పైకి వెళుతున్నారు. ఆమె వాళ్ళకి ఎదురు తోసుకుంటూ పరిగెత్తింది. సైరన్ మళ్ళీ మోగింది. మూల తిరిగేసరికి ఎదురుగది గుంటూరు డీలరు భార్య కనిపించి, "మీ అత్తగారు ఇందాకే అటు వెళ్ళారండీ. సామాను బండి తోసుకెళ్ళే అతని వెనకాలే వెళుతున్నారు. పిలిచినా పలకలేదు. తూలుతున్నట్టు అనిపించారు. ఓడ కదిలిందేమో అనుకున్నా" అంది.

ఓడ ఇంకా కదలలేదు.

పైపెదవి మీద చెమట. ఆ విసురు. పొద్దున సగం అరటిపండు. నాగలక్ష్మికి విజయవాడ డాక్టరు మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తను ఇంతసేపూ వెతుకుతున్నది సూట్‌కేసుని!

మళ్ళీ కౌంటర్ దగ్గరికి వచ్చి పడింది. "మదర్! మై మదర్, నో! మిస్సింగ్!" అని బల్ల మీద రెండు చేతులూ వేసి కొట్టింది. ఆ అమ్మాయి ఈసారి లేచి నిలబడే ఫోన్ చేసింది. రెండు ముక్కలు విని, "లేడీ... రెడ్ సారీ?" అంది. నాగలక్ష్మి తల ఊపింది. ఎప్పుడు ఏడుపు మొదలైందో ఆమెకి తెలియలేదు.

కింది అంతస్తుకి ఒక కుర్రవాడు ఆమెని సిబ్బంది లిఫ్టులో తీసుకెళ్ళాడు. అక్కడ తివాచీలు లేవు. ఇనప గోడలు, పైపులు, ఇంజను హోరు. చివరగదిలో బల్లల మీద సెక్యూరిటీవాళ్ళు ఆపిన నాలుగైదు పెట్టెలు విడిగా పెట్టి ఉన్నాయి. వాటిలో ఒకటి మెరూన్ రంగుది. దాని పిడి పట్టుకుని పేరమ్మ కింద కూలబడి ఉంది. రవిక తడిసి ముద్దయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని మనిషిని పోల్చుకోవడం లేదు. పక్కన ఒక నేపాలీ గార్డు ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉన్నాడు.

"షుగర్! షుగర్!" అని అరిచింది నాగలక్ష్మి.

"హా, షుగర్ పేషెంట్. డాక్టర్ ఆ రహా హై" అని, డాక్టరు వస్తున్నాడని హిందీలో చెప్పాడు గార్డు.

"జబ్బు కాదయ్యా! పంచదార! చీనీ, చీనీ!"

అతనికి అర్థమయ్యేలోపే మూల బల్ల మీద టీ కప్పులూ, వాటి పక్కన కాగితం పొట్లాలూ ఆమె కంటపడ్డాయి. గార్డుని తోసుకుని వెళ్ళి గుప్పెడు పొట్లాలు తెచ్చింది. పళ్ళతో చించింది. అత్త తల ఒళ్ళో పెట్టుకుని, పంచదార వేలితో అద్ది బుగ్గలోపల రాసింది. పేరమ్మ దవడ బిగించింది. మళ్ళీ రాసింది. సగం పంచదార గడ్డం మీదనుంచి జారిపోయింది.

"చప్పరించు అత్తా. మా అమ్మ కదూ, చప్పరించు."

పేరమ్మ నాలుక మెల్లగా కదిలింది. గార్డు ఇంకో పొట్లం చించి ఇచ్చాడు. మింగుతోందని తెలిశాక గ్లాసులో పంచదార నీళ్ళు కలిపి తెచ్చాడు. గుక్క గుక్కగా తాగించారు. డాక్టరు వచ్చి వేలిమీద గుచ్చి చూసేసరికి పేరమ్మ కళ్ళలోకి చూపు వచ్చింది. కోడలి మొహం కనిపించగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది, దెబ్బ కాచుకునేవాళ్ళలాగా.

"కాయిలు నేనే పెట్టా లచ్చిమీ. నువ్వు చూడకముందే తీసేద్దామని వచ్చా. అరవబాకే."

నాగలక్ష్మి ఆ చేతిని మెల్లగా కిందికి దించి, అత్త గడ్డం మీది పంచదార కొంగుతో తుడిచింది.

తరవాత గార్డు సూట్‌కేసు తెరిపించాడు. చీరల మడతల్లో కాయిలు, కత్తి, ఎండు రొయ్యల పొట్లం ఉన్నాయి. మొదటి రెండిటినీ విడిగా తీసిపెట్టి, దిగేరోజు ఇస్తామని సైగ చేశాడు. రొయ్యల వాసన చూసి నవ్వాడు.

ఓడ కదిలింది. గదిలో పేరమ్మ దిండుకి ఆనుకుని కూర్చుంటే, అనంతకృష్ణ వంటవాళ్ళని బతిమాలి పెరుగన్నం తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. నాగలక్ష్మి కలిపి ముద్దలు పెట్టింది.

"మధ్యాహ్నం ఏం తిన్నావు అత్తా?"

"ఏం తిన్లా. అవేం మాంసాలో తెలవలా."

"మరి తిన్నానని ఎందుకు చెప్పావు?"

పేరమ్మ ముద్ద మింగింది. "మార్కెట్టులో ఎంతమంది అరిచినా నేను బెదర్లేదు. బయట ఎవరన్నా అరిస్తే ఇంటికొచ్చేయొచ్చు. ఇంట్లోనే అరిస్తే ఎక్కడికి పోనూ?"

నాగలక్ష్మి ఇంకో ముద్ద కలిపి, "ఇది కూడా తిను" అంది. అన్న గొంతు తనే విని, ఆగి, మళ్ళీ మెల్లగా అంది.

మిగతా రెండు రోజులూ ఆమె అత్తని వదల్లేదు. భోజనాల దగ్గర ప్రతి గిన్నె దగ్గరా ఆగి ఏమిటో అడిగి చెప్పేది. గుంటూరు డీలరు భార్య కూడా వీళ్ళతో కూర్చోవడం మొదలుపెట్టింది. పేరమ్మకి చేప వేపుడు నచ్చింది. "ఉప్పు చాల్లేదు గాని చేప తాజాదే" అని తేల్చి, రెండోసారి పెట్టించుకుంది.

ఇద్దరూ మద్రాసులో విమానం దిగి, రైలెక్కి విజయవాడ చేరారు. స్టేషనుకి కోటి కారు తెచ్చాడు. సూట్‌కేసు పోయిందనీ, పేరమ్మ ఓడలో పడిపోయిందనీ ఫోనులో అప్పటికే ఊరంతా తెలిసిపోయింది.

"ఏంటి వదినా, ముసలమ్మని అంతదూరం తీసుకెళ్ళి ఇంతపని చేశావు? సూదేసి అన్నం పెట్టలేదంటగా?" అన్నాడు కోటి, ప్లాట్‌ఫారం మీదే.

నాగలక్ష్మి తలదించుకుంది. "అవును కోటీ. నేను చూసుకోలేదు. తప్పు నాదే" అంది.

సామాను పక్కన నిలబడ్డ పేరమ్మ ఒక్క అడుగు ముందుకి వేసింది.

"నోర్ముయ్యరా! తినకుండా తిన్నానని చెప్పింది నేను. వద్దన్న కాయిలు పెట్టింది నేను. దాన్నంటే పళ్ళు రాలతాయి. పెట్టె పట్టుకో, ముందు ఎక్కడన్నా టిఫిన్ తినాలి. ఆకలేస్తంది."

ఆ కేకకి పక్క బెంచీ మీద నిద్రపోతున్న ముసలాయన లేచి కూర్చున్నాడు. కోటి సూట్‌కేసు అందుకున్నాడు.