తొమ్మిది దేశాలు పన్నెండైన రోజు

మొన్న టీవీలో చప్పట్ల మోత వినిపించి తలెత్తి చూశాను. ఏదో చిన్న దేశాన్ని ప్రపంచ దేశాల సభలో చేర్చుకున్నారట. నాకు మా సత్యం మాస్టారు గుర్తొచ్చారు. బెజవాడ హైస్కూల్లో మాకు పౌరశాస్త్రం చెప్పేవారు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు ఆయన మా క్లాసులోనే ఒక ప్రపంచ సభ పెట్టారు. తొమ్మిదిమందిమి తొమ్మిది దేశాలం. నేను బ్రెజిల్‌ని, ఆ దేశం ఎటుందో తెలియకపోయినా డాబుకు మాత్రం తక్కువ లేదు. ఏది తీర్మానించాలన్నా మూడింట రెండొంతుల ఓట్లు, అంటే ఆరు, రావాలి. బందరులో జరిగే వక్తృత్వ పోటీకి మాలో ఒకరిని పంపాల్సి వచ్చింది. వెళ్ళాలని నాకు ప్రాణం కొట్టుకుపోతోంది. గవర్నర్‌పేట బట్టలకొట్ల పిల్లలం నలుగురం నా వైపు. మిగతా ఐదుగురూ నేతపని వారి అబ్బాయి వెంకటేశం వైపు. మూడు వారాలైనా ఎవరికీ ఆరు రాలేదు. వాడే విసిగి తప్పుకుంటాడని నేను దర్జాగా కూర్చున్నాను.

అంతలో పక్క సెక్షన్ నుంచి ముగ్గురు తామూ చేరతామని వచ్చారు. ముగ్గురూ వెంకటేశం వీధివాళ్ళే. వాళ్ళను చేర్చుకోవాలన్నా ఆరు ఓట్లు కావాలి. మాస్టారు బోర్డు మీద పన్నెండు వేసి, పక్కన ఎనిమిది రాశారు. ఐదూ మూడూ ఎనిమిదని నాకెవరూ చెప్పక్కర్లేదు. ఒళ్ళు మండిపోయింది. నా ఓటు లాగేసుకుంటున్నారని గొడవ పెట్టాను.

“నీ ఓటు నీ దగ్గరే ఉంటుందిరా. దాని బలం తగ్గుతుంది, అంతే. పెద్ద సభలోనూ కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా పాతవాళ్ళ ఓటు పలచబడుతుంది. అది తెలిసీ చేర్చుకోవాలి. ఆలోచించుకో,” అన్నారు మాస్టారు.

ఆ ముగ్గురూ లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. వాళ్ళ మొహాలు చూశాక నా పట్టుదల నాకే చిన్నతనంగా అనిపించింది. ఐదు చేతులు లేచాయి. ఆరోది నాది. కాసేపటికే ఎనిమిది ఓట్లతో వెంకటేశం గెలిచాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆ సాయంత్రం మాస్టారు మా ఇంటికి వచ్చారు. చేజేతులా పోగొట్టుకున్న దద్దమ్మనని మా నాన్న అప్పటికే నన్ను చెడామడా తిడుతున్నారు.

“మీవాడు ఓడిపోతానని తెలిసే చెయ్యెత్తాడండీ. వీడికి పాఠం చెప్పింది నేనేనని పదిమందికీ చెప్పుకుంటాను,” అన్నారాయన.

నాన్న తిట్లు ఆపి మాస్టారికి కుర్చీ వేశారు. అంత గర్వం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. ఆ తర్వాత ఎన్నో సంఘాల్లో కూర్చున్నాను. కొత్తవాళ్ళు సభ్యత్వం అడిగినప్పుడల్లా అందరికంటే ముందు నా చెయ్యే లేస్తుంది. లోపల ఇప్పటికీ కాస్త కలుక్కుమంటుంది. అయినా దించను.