దీపాలవేళ ఊడ్చే మెషిన్

నరసాపురంలో ఉద్యోగం ముగించుకుని నేను ఇల్లు చేరేసరికి రోజూ దీపాలవేళ అవుతుంది. దీపం పెట్టాక ఊడిస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని మా అత్తగారు చీపురు ముట్టనివ్వరు. అందుకని చీకటితో లేచి ఊడ్చుకునేదాన్ని. ఆ బాధ తప్పించడానికి మావారు నిన్న ఊడ్చే మెషిన్ కొన్నారు. గుండ్రటి పీటలా ఉంటుంది, దానంతటదే ఇల్లంతా తిరుగుతుంది. ఫోన్లో ఉదయం ఆరు అని పెట్టబోయి సాయంత్రం ఆరు పెట్టేశారు.

ఈ రోజు నేను చెప్పులు విడుస్తున్నాను, అత్తగారు దీపం వెలిగించి ఇటు తిరిగారు, సోఫా కిందనుంచి అది బయల్దేరింది.

"ఆపమ్మా దాన్ని. ఇప్పుడే దీపం పెట్టాను."

"ఊడ్చేది మనం కాదు కదండీ అత్తయ్యగారూ, మెషిన్."

"ఎవరు ఊడిస్తే ఏంటి? ఊడ్చిన చెత్త బయట పారబోస్తుందా?"

"లేదండి. దాని కడుపులో డబ్బా ఉంది. అందులోనే దాచుకుంటుంది."

ఆవిడ వంగి దాన్ని పరీక్షగా చూశారు. ఈలోగా అది ఆవిడ కాలికి తగిలి, పక్కకి తప్పుకుని వెళ్ళింది.

"అయితే తిరగనియ్యి. లక్ష్మి ఇంట్లోనే ఉంటుంది."

పొద్దుటి నిద్ర కలిసొచ్చిందనుకున్నాను. మెషిన్ ఇల్లంతా తిరిగొచ్చి, డబ్బా నిండిందని ఎర్రలైటు వేసింది. రేపు పొద్దున్నే పారబోస్తానన్నాను.

"లక్ష్మి అందులో ఉందని తెలిసి కూడానా? రేపు శుక్రవారం కదమ్మా" అన్నారు అత్తగారు.

ప్రస్తుతం మా ఇంటి లక్ష్మి సోఫా కింద ఛార్జింగులో ఉంది. మీ ఇళ్ళల్లో ఎక్కడుందో చెప్పండి.