చిన్నాయన తిథి

ఆ రోజు ఆఫీసు నుంచి యలహంక ఇంటికి వచ్చేసరికి నాయన తల తడిగా ఉంది, కట్టుకున్న పంచె కూడా తడిగానే ఉంది. దేవుడి దగ్గర దీపం లేదు. ఎవరో పోయారని అర్థమైంది. చావు కబురు వింటే మా ఇంట్లో కట్టుబట్టలతోనే తలమీద నీళ్ళు పోసుకుంటారు, మైల తీరేదాకా దీపం పెట్టరు.

"మీ చిన్నాయన పోయినాడంటమ్మా. ఈమెయిలు వచ్చుండాది," అన్నాడు నాయన.

చిన్నాయన అంటే నాయన తమ్ముడు. నేను పుట్టకముందే ఇంట్లో గొడవపడి వెళ్ళిపోయాడు. ముంబైలో ఉన్నాడని కొందరు, గల్ఫులో ఉన్నాడని కొందరు అనేవాళ్ళు. ఆయన దగ్గర్నుంచి మాత్రం ఎన్నడూ ఒక్క జాబు రాలేదు.

ఈమెయిలు చదివాను. విదేశాల్లో లాయరునంటూ ఎవరో రాశాడు. మా ఇంటిపేరు గల ఒకాయన వారసులు లేకుండా పోయాడట, బ్యాంకులో పెద్ద మొత్తం వదిలాడట, దగ్గరి బంధువు నాయనేనట. సంగతి ఎవరికీ చెప్పొద్దట. కాగితాల ఖర్చు మాత్రం వెంటనే పంపాలట. నాకు ఒళ్ళు మండింది. ఇలాంటివి మా ఆఫీసులో అందరికీ వస్తాయి. ఆ ఇంటిపేరు కూడా నాయన ఈమెయిలు అడ్రసులోంచే తీసుకుని ఉంటాడు.

"బతికుండంగ ఒక జాబు రాయనోడు, చచ్చినాక ఆస్తి రాసినాడంట," అంది అమ్మ వంటింట్లోంచి.

నాయన ఆస్తి మాటే ఎత్తలేదు. రెండో ఈమెయిలు చూపించాడు. అందులో చిన్నాయన పేరుంది. కుడి కనుబొమ్మ మీద మచ్చ ఉన్న మనిషేనని కూడా ఉంది. నా కోపం కాస్తా చల్లారిపోయింది. నాయన ఎప్పుడూ చెప్పే ఆ మచ్చ సంగతి ఎక్కడో ఉన్న లాయరుకు ఎలా తెలుస్తుంది? నిజమేనేమో. నిజమైతే నేనూ స్నానం చేయాలి. ఎన్నడూ చూడని మనిషికి ఏడవాలో వద్దో కూడా తోచలేదు.

అప్పుడు నాయన పంపిన జవాబు తీసి చూశాను. తమ్ముడి పేరు, మచ్చ, ఇల్లు విడిచిపోయిన కథ, అన్నీ ఆయనే పూసగుచ్చినట్టు రాసేశాడు. చివర ఒక్కటే అడిగాడు: పోయింది ఏ తిథి, శుక్లపక్షమా, కృష్ణపక్షమా? ఆ మోసగాడు ఈ ప్రశ్న చదివి ఎంత తల గోక్కున్నాడో. అది మరణపత్రంలో ఉంటుంది, డబ్బు పంపితే ఇస్తాం అని జవాబిచ్చాడు. తద్దినం పెట్టాలంటే తిథి కావాలి. అందుకోసం నాయన మర్నాడు పొద్దున్నే బ్యాంకుకు పోవడానికి సిద్ధమైపోయాడు.

"ఇది మోసం నాయనా. నువ్వు చెప్పిందే నీకు తిప్పి చెప్పినారు."

"సుమ్మనే, ఊరికే ఎవరన్నా చావు కబురు చెప్తారామ్మా?"

నలభై ఏళ్ళు బట్టల కొట్లో లెక్కలు రాసిన మనిషి, అబద్ధాలు ఎన్ని రకాలో ఆయనకు తెలుసు. చావు గురించి అబద్ధమాడేవాళ్ళుంటారని మాత్రం ఆయనకు తట్టలేదు.

ఇలాంటివాటికి జవాబివ్వకూడదని తెలిసి కూడా, నాయన పేరుతోనే రాశాను. మా తమ్ముడి ఎడమచేతికి ఆరు వేళ్ళుండేవి, పోయినాయనకు కూడా ఉన్నాయా అని. అమ్మ ఇచ్చిన కాఫీ తాగేలోపే జవాబు వచ్చింది. ఉన్నాయట. తానే కళ్ళారా చూశాడట.

నాయన అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"వానికి అయిదే కదమ్మా," అన్నాడు.

హమ్మయ్య, డబ్బు పోలేదు అనుకున్నాను. ఆయన ముఖంలో మాత్రం ఆ తేలిక కనపడలేదు.

"అయితే వాడు ఉండాడా?"

"తెలీదు నాయనా. వీళ్ళకి కూడా తెలీదు."

చనిపోయాడని ఇంతసేపూ నమ్మిన మనిషికి, చనిపోలేదని చెప్పలేను, పోయాడనీ చెప్పలేను. అసలు నేను చేసింది మేలో కాదో నాకే అర్థం కాలేదు. ఆ అడ్రసు బ్లాక్ చేయబోతుంటే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండమ్మా. దొంగలే, నేను కాదన్లేదు. దేశదేశాల మనుషులకు రాస్తా ఉంటారు కదా వాళ్ళు. మావాడు యాడన్నా తగిలితే చెప్పమని ఒక మాట రాసిపెట్టు."